ఇంటి పగడపు తొట్టిలో నీటి రసాయన స్థిరత్వం: చిక్కడపల్లి పరిస్థితులలో ఒక పరిశీలన

చిక్కడపల్లి నుండి సముద్రం దాదాపు మూడు వందల కిలోమీటర్ల దూరంలో ఉన్నది. అశోక్‌నగర్, నారాయణగూడ ప్రాంతాల అపార్ట్‌మెంటులలో హాలు మూలన అమర్చుకొనే పగడపు తొట్టికి కావలసిన సముద్రజలాన్ని కుళాయి నీటితో, సంచిలో కొన్న లవణ మిశ్రమంతో ఇంటిలోనే తయారు చేసుకోవలసి ఉంటుంది. తయారీ కష్టమైన పని కాదు. రసాయనశాస్త్రంలో ప్రాథమిక పరిజ్ఞానం గల విద్యార్థి ఒక పూటలో చేయగలడు. అలా తయారైన నీటిని నెలల తరబడి అదే స్థితిలో నిలపడమే కష్టం.

బహిరంగ సముద్రానికి ఆనుకొని ఉన్న పగడపు దిబ్బల వద్ద లవణీయత, క్షారత్వం సంవత్సరం పొడవునా ఇరుకైన పరిధిలోనే కదులుతాయి. సముద్రపు పరిమాణమే అక్కడి జీవులకు రక్ష. రెండు వందల లీటర్ల తొట్టికి ఆ రక్ష లేదు. మూడు రోజులు ఇల్లు తాళం వేసి ఊరికి వెళ్ళి వచ్చేసరికి నీటి కూర్పు మారిపోవచ్చు. ఔత్సాహికులలో ఎక్కువమంది ఫలానా అంశం ఎంత ఉండవలెనన్న ఆదర్శ సంఖ్యల వెంట పడతారు. అయితే తొట్టిలో జీవులను నష్టపరచేది సాధారణంగా సంఖ్య కొంచెం తక్కువ కావడమో ఎక్కువ కావడమో కాదు, ఆ సంఖ్య ఒక్కసారిగా మారడం. అటువంటి ఆకస్మిక మార్పులలో చాలా భాగం యజమాని మోతాదు తెలియక వేసిన మందుల వల్లనే వస్తాయి.

ఏ పగడాలు?

నీటి విషయానికి ముందు చట్టం విషయం చెప్పుకోవలసి ఉన్నది, ఎందుకంటే నీటి అవసరం జీవిని బట్టి మారుతుంది. దిబ్బలను నిర్మించే రాతి పగడాలన్నింటినీ, నల్ల పగడాలను, అగ్ని పగడాలను, సముద్ర విసనకర్రలను 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 మొదటి షెడ్యూలులో చేర్చారు. పులికి ఉన్న రక్షణే వాటికీ ఉన్నది. సముద్రం నుండి పగడపు రాయి తెచ్చి తొట్టిలో అలంకరించడం కూడా నేరమే. సైటీస్ ఒప్పందపు జాబితాలలోని విదేశీ జీవులను ఇంటిలో ఉంచుకొనేవారు 2022 సవరణ, 2024 నియమావళి ప్రకారం పరివేష్ పోర్టల్ ద్వారా నమోదు చేసుకోవలసి ఉంటుంది. కాబట్టి కొనుగోలుకు ముందే అటవీశాఖ వద్ద విషయం నిర్ధారించుకోవడం మంచిది.

ఆచరణలో దీని అర్థం ఏమిటంటే, చట్టబద్ధమైన మన ఇంటి తొట్టిలో ప్రధానంగా ఉండేవి షెడ్యూలులో లేని మృదు పగడాలు, కృత్రిమ శిలలు, నత్తలు, శిలలపై గులాబీ పొరగా పెరిగే సున్నపు శైవలాలు, హ్యాచరీలో పుట్టిన క్లౌన్ చేపలు. విదేశీ గ్రంథాలలో, సీసాల మీది చీటీలలో కనిపించే మోతాదులు మాత్రం వేగంగా అస్థిపంజరం కట్టే రాతి పగడాలు కిక్కిరిసిన తొట్టెలకు ఉద్దేశించినవి. ఈ తేడాను గమనించకపోవడం వల్ల జరిగే నష్టం తరువాతి భాగంలో స్పష్టమవుతుంది.

మూల జలం

హైదరాబాద్ కుళాయి నీటికి ఒకే స్వభావం లేదు. 1920లో పూర్తయిన ఉస్మాన్ సాగర్, 1927లో పూర్తయిన హిమాయత్ సాగర్ ఒకప్పుడు నగరానికి ప్రధాన ఆధారాలు. తరువాత 1965లో మంజీర, 2004లో కృష్ణ, 2015లో గోదావరి జలాలు వచ్చి చేరాయి. ఋతువును బట్టి, జలాశయాల మట్టాలను బట్టి వీటి వాటాలు మారుతూ ఉంటాయి. దీనికి తోడు అపార్ట్‌మెంటు సంపులో బోరు నీరు, వేసవిలో ట్యాంకరు నీరు కలుస్తాయి. బోరు నీరు గ్రానైటు శిలల పగుళ్ళలో నిలిచినది. కఠినత్వం, సిలికా, కొన్ని చోట్ల ఫ్లోరైడు, నైట్రేటు అందులో ఉంటాయి. ఇడ్లీ పాత్ర అడుగున తెల్లగా పేరుకొనే పొరే దాని కఠినత్వానికి సాక్ష్యం.

తాగడానికి మంచిదైన నీరు తొట్టికి కూడా మంచిదే అన్న అభిప్రాయం బలంగా ఉన్నది. ఒక చిన్న లెక్కతో దీనిని పరీక్షించవచ్చు. తాగునీటికి భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 10500 అనుమతించే నైట్రేటు లీటరుకు 45 మిల్లీగ్రాములు. సరిగ్గా ఆ పరిమితిలో ఉన్న నీటినే రోజుకు మూడు లీటర్ల చొప్పున, ఆవిరైన నీటికి బదులుగా 200 లీటర్ల తొట్టిలో పోస్తున్నారని అనుకొందాం. నెలకు 90 లీటర్లు పోస్తే 4,050 మిల్లీగ్రాముల నైట్రేటు తొట్టిలో చేరుతుంది. చేపల మలినంతో నిమిత్తం లేకుండానే లీటరుకు 20 మిల్లీగ్రాములు పెరుగుతుంది. ఆవిరయ్యేది నీరు మాత్రమే కాబట్టి, పోసిన లవణాలన్నీ అక్కడే మిగిలిపోతాయి. సిలికా విషయమూ ఇంతే. గాజు పలకపై గోధుమరంగు డయాటమ్ పొర పదే పదే రావడానికి తరచుగా ఇదే కారణం.

అందువల్ల ఆర్.ఓ. పొర తరువాత అయాన్ మార్పిడి రెసిన్ గుండా పంపిన నీటినే వాడవలెను. వంటింటి ఆర్.ఓ. యంత్రాలు చాలావరకు రుచి కోసం కొంత లవణాన్ని తిరిగి కలుపుతాయి కనుక అవి ఈ పనికి సరిపోవు. రెసిన్ దాటిన నీటిలో టి.డి.ఎస్. మీటరు సున్నా చూపవలెను. ఆ అంకె పైకి కదలడం మొదలైతే రెసిన్ అయిపోయినట్లే. బోరు నీటి మౌలిక స్వభావాన్ని తెలుసుకోదలచినవారికి నీటి పరీక్షలు చేసే నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ నడిచి వెళ్ళేంత దూరంలోనే ఉన్నది.

లవణం, నిష్పత్తి

1872–76 మధ్య ఛాలెంజర్ నౌక ప్రపంచ సముద్రాల నుండి సేకరించిన 77 నమూనాలను విలియమ్ డిట్‌మార్ విశ్లేషించి 1884లో ప్రకటించాడు. సముద్రాలలో ఉప్పదనం హెచ్చుతగ్గులుగా ఉన్నా, ప్రధాన అయాన్ల పరస్పర నిష్పత్తి దాదాపు మారదని ఆ విశ్లేషణ నిరూపించింది. వెయ్యి గ్రాముల నీటిలో 35 గ్రాముల లవణం ఉన్నప్పుడు లీటరుకు కాల్షియం సుమారు 410, మెగ్నీషియం సుమారు 1,290, పొటాషియం సుమారు 390 మిల్లీగ్రాములు ఉంటాయి. వంట ఉప్పుతో గాని రాతి ఉప్పుతో గాని ఇదే 35 రాబట్టవచ్చు. అది ఉప్పునీరే గాని సముద్రజలం కాదు.

కృష్ణా, గోదావరి జిల్లాలలో పనిచేసిన విస్తరణ శాస్త్రవేత్తలకు ఈ భేదం కొత్త కాదు. 2009లో దేశంలోకి అనుమతించిన వనామి రొయ్యను బోరు నుండి తోడిన తక్కువ ఉప్పునీటిలో పెంచే చెరువులలో, ఉప్పుశాతం సరిపోయినట్లు కనిపించినా పొటాషియం కొరత వల్ల రొయ్యలు నీరసించి చనిపోవడం పరిచితమైన సమస్యే. అక్కడ మ్యూరేట్ ఆఫ్ పొటాష్, మెగ్నీషియం లవణాలు చల్లడం సముద్రపు నిష్పత్తికి చేరువ కావడానికే. హాలులోని తొట్టి, ఐదెకరాల చెరువు ఈ విషయంలో ఒకే పాఠం చెబుతాయి.

లవణ మిశ్రమం సంచి విప్పిన తరువాత తేమను పీల్చుకొంటుంది. వర్షాకాలపు హైదరాబాద్‌లో ఇది వేగంగా జరిగి, తూకంలో నీటి బరువు కూడా కలుస్తుంది. అందువల్ల గ్రాముల లెక్కను మాత్రమే నమ్మక, ప్రతిసారి రిఫ్రాక్టోమీటరుతో లవణీయతను సరిచూడవలెను. ఆ పరికరాన్ని మంచినీటితో కాక, 35 పి.పి.టి. ప్రమాణ ద్రవంతోనే సరిదిద్దడం అవసరం.

క్షారత్వం

ఈ వ్యాసానికి కేంద్రం ఇదే. క్షారత్వం అంటే ఆమ్లాన్ని తటస్థీకరించగల నీటి నిల్వ శక్తి. సముద్రజలంలో దానిలో అత్యధిక భాగం బైకార్బొనేటు, కార్బొనేటు రూపంలో ఉంటుంది. ఉదజని సూచిక, అనగా పి.హెచ్., ఆ క్షణపు స్థితిని చెబుతుంది. క్షారత్వం దాని వెనుక ఉన్న నిల్వను చెబుతుంది. చేతిలోని చిల్లరకు, ఖాతాలోని సొమ్ముకు ఉన్న తేడా వంటిది ఇది. సహజ సముద్రజలపు క్షారత్వం అక్వేరియం వాడుకలోని జర్మన్ ప్రమాణంలో దాదాపు 6.5 డి.కె.హెచ్. తొట్టెలలో 7 నుండి 9 మధ్య నిలుపుతారు. ఒక డి.కె.హెచ్. అంటే మన చెరువుల పరీక్షలో వాడే కాల్షియం కార్బొనేటు లెక్కన లీటరుకు సుమారు 18 మిల్లీగ్రాములు.

పగడమైనా, నత్త అయినా, సున్నపు శైవలమైనా ఒక కాల్షియం అయానును రెండు బైకార్బొనేటు అయాన్లతో కలిపి కాల్షియం కార్బొనేటును నిర్మిస్తుంది. ఈ నిష్పత్తి ప్రకారం క్షారత్వం 2.8 డి.కె.హెచ్. తగ్గే లోపల కాల్షియం లీటరుకు 20 మిల్లీగ్రాములు మాత్రమే తగ్గుతుంది. ఎనిమిది నుండి 5.2కు పడిపోవడం అంటే నిల్వలో మూడవ వంతుకు పైగా పోవడం. అదే సమయంలో 420 నుండి 400కు తగ్గిన కాల్షియం మార్పు ఐదు శాతం కూడా కాదు, ఇంటి పరీక్షా కిట్టు పొరపాటులో అది కలిసిపోతుంది. కాబట్టి కాల్షియం కిట్టు బాగున్నదని చెబుతున్నంత మాత్రాన నిశ్చింతగా ఉండకూడదు. మొదట కదిలేది క్షారత్వమే, తరచుగా కొలవవలసినదీ అదే. పైగా అమ్మోనియాను నైట్రేటుగా మార్చే సూక్ష్మజీవులు కూడా ఈ నిల్వనే ఖర్చు చేస్తాయి. రాతి పగడాలు లేని తొట్టిలోనూ క్షారత్వం మెల్లగా తగ్గడానికి ఇది ఒక కారణం.

మరి వారానికి పది శాతం నీరు మారిస్తే ఈ లోటు తీరుతుందా? తీరుతుందన్న నమ్మకం విస్తృతంగా ఉన్నది. వారానికి 0.7 డి.కె.హెచ్. ఖర్చయ్యే తొట్టిని తీసుకొందాం. కొత్త నీటికి, తొట్టి నీటికి ఉన్న తేడాలో పదవ వంతు మాత్రమే ఒక మార్పిడితో సరి అవుతుంది. ప్రతి వారపు 0.7 లోటు పూర్తిగా తీరవలెనంటే రెండింటి మధ్య తేడా 7 డి.కె.హెచ్. ఉండవలెను. అది అసాధ్యం. వారపు ఖర్చు 0.14 అయితే అవసరమైన తేడా 1.4 మాత్రమే. కొత్త నీటిలో 8.5 ఉంటే తొట్టి 7 దగ్గర నిలుస్తుంది. అనగా కొద్దిపాటి మృదు పగడాల తొట్టికి నీటి మార్పిడి చాలవచ్చు, కొంచెం ఎదిగిన తొట్టికి చాలదు. ఏ తొట్టి ఏ కోవకు చెందుతుందో కొలిచి చూస్తే తప్ప తెలియదు.

కొలిచే పద్ధతి సులభం. ఏ మందూ వేయకుండా, నీరు మార్చకుండా, ప్రతి రోజు ఒకే వేళకు క్షారత్వాన్ని చూసి పుస్తకంలో రాయవలెను. మొదటి రోజు 8.2, ఎనిమిదవ రోజు 7.5 వస్తే రోజువారీ ఖర్చు 0.1. వంద లీటర్ల నీటిలో ఒక డి.కె.హెచ్. పెంచడానికి తినే సోడా, అనగా సోడియం బైకార్బొనేటు 3 గ్రాములు కావలెను. ఈ లెక్కన 200 లీటర్ల తొట్టికి రోజుకు 0.6 గ్రాము చాలు, చిటికెడు కంటే ఎక్కువేమీ కాదు. దానికి సరితూగే కాల్షియం క్లోరైడు డైహైడ్రేటు సుమారు అర గ్రాము. ఈ రెండింటిని ఒకే పాత్రలో కలిపితే అక్కడే సున్నంగా గడ్డకడుతుంది. వేర్వేరుగా, వేర్వేరు వేళలలో, నీటి ప్రవాహం బలంగా ఉన్నచోట పోయవలెను. రాతి పగడాల తొట్టి కోసం రాసిన చీటీని అనుసరించి రోజుకు ఒక డి.కె.హెచ్. చొప్పున వేస్తే ఇదే తొట్టి వారం తిరిగేసరికి 14 దాటే మార్గంలో పడుతుంది. అంత దూరం వెళ్ళకముందే హీటరు మీద, పంపుల లోపల తెల్లని పొర పేరుకొని, వేసినదంతా అవక్షేపంగా పోతుంది. మెగ్నీషియం తక్కువైన నీటిలో ఈ అవక్షేపం మరింత సులభంగా జరుగుతుంది, ఎందుకంటే సున్నపు స్ఫటికం ఎదుగుదలను అడ్డగించేది మెగ్నీషియమే.

తప్పిన క్షారత్వాన్ని సరిచేయడంలోనూ తొందర పనికిరాదు. ఆరుకు పడిపోయినదాన్ని ఒకే పూటలో తొమ్మిదికి లేపడం కంటే ఆరులోనే ఉంచడం మేలు. రోజుకు ఒక డి.కె.హెచ్. మించని వేగంతో పెంచవలెను.

కిట్టు మీద అనుమానం వస్తే దానిని పరీక్షించే ద్రవాన్ని ఇంటిలోనే చేసుకోవచ్చు. శుద్ధమైన సోడియం బైకార్బొనేటు 2.4 గ్రాములను ఒక లీటరు ఆర్.ఓ. రెసిన్ నీటిలో కరిగించి, అందులో నుండి 100 మిల్లీలీటర్లు తీసుకొని తిరిగి ఒక లీటరుకు పలుచన చేస్తే 8.0 డి.కె.హెచ్. ప్రమాణ ద్రవం సిద్ధమవుతుంది. కిట్టు దానిని 9 అని చూపితే, ఆ ఒకటిని ఇకపై తీసివేసి చదువుకోవలెను. కళాశాల ప్రయోగశాలలో టైట్రేషన్ నేర్చుకొన్న విద్యార్థికి ఇది మొదటి ఇంటి ప్రయోగంగా చక్కగా పనికివస్తుంది.

సున్నపు తేట గురించి ఒక మాట. కాల్షియం హైడ్రాక్సైడు తేట కాల్షియాన్ని, క్షారత్వాన్ని సరైన నిష్పత్తిలోనే అందిస్తుంది. ఐరోపాలో దశాబ్దాలుగా వాడుకలో ఉన్న ఈ పద్ధతి మనకు కొత్తగా తోచదు, తాంబూలంలోని సున్నం ఇదే పదార్థం. అయితే డబ్బాలోని తడి సున్నంలో ఇతర పదార్థాలు కలిసే అవకాశం ఉన్నందున తొట్టికి ఆహార శ్రేణి పొడినే వాడవలెను. లీటరు నీటిలో సుమారు ఒకటిన్నర గ్రాములు కరుగుతుంది, దాని పి.హెచ్. 12కు పైన ఉంటుంది. ఆవిరైన నీటికి బదులు రోజుకు మూడు లీటర్ల సంతృప్త తేట పోస్తే 200 లీటర్ల తొట్టి క్షారత్వం సుమారు 1.7 డి.కె.హెచ్. పెరుగుతుంది. పైన చెప్పిన తొట్టికి కావలసింది 0.1 మాత్రమే. ఆ తేడాను బట్టి పలుచన చేసి, రాత్రివేళ చుక్కలు చుక్కలుగా వదలవలెను.

మూసిన గది, వేసవి, కరెంటు

పగటివేళ పగడాల కణజాలంలోని సూక్ష్మ శైవలాలు కార్బన్ డయాక్సైడును వాడుకోవడం వల్ల పి.హెచ్. పెరుగుతుంది. రాత్రి అన్నీ శ్వాసించడం వల్ల తగ్గుతుంది. తెల్లవారుజామున చెరువు గట్టు మీద మీటరు పట్టుకొని నిలబడిన ప్రతి రొయ్య రైతుకూ తెలిసిన సంగతే ఇది. ఇంటి తొట్టికి మరొక చిక్కు ఉన్నది. మే నెలలో కిటికీలు మూసి ఏ.సి. వేసిన గదిలో నలుగురు నిద్రిస్తే గది గాలిలో కార్బన్ డయాక్సైడు బయటి గాలికి రెట్టింపుకు మించుతుంది. గాలిలో అది రెట్టింపైతే, క్షారత్వం మారకపోయినా తొట్టి పి.హెచ్. సుమారు 0.3 పడిపోతుంది. ఉదయం 7.8 చూసి కంగారుపడి పి.హెచ్. పెంచే పొడి వేస్తే, క్షారత్వం అనవసరంగా పెరుగుతుంది, పి.హెచ్. మాత్రం మర్నాటికి మళ్ళీ అక్కడికే వస్తుంది. ఇటువంటప్పుడు వేయవలసింది మందు కాదు, తీయవలసింది కిటికీ. దోమల కాలంలో ఈ సలహా ఇంటివారికి నచ్చకపోవచ్చు. ప్రోటీన్ స్కిమ్మరు గాలి గొట్టాన్ని కిటికీ బయటకు చేరిస్తే సరిపోతుంది.

ఉష్ణోగ్రత 25 నుండి 27 డిగ్రీల మధ్య ఉండవలెను. ప్రకృతిలో వేసవి గరిష్ఠ సగటు కంటే ఒక్క డిగ్రీ ఎక్కువగా కొన్ని వారాలు నిలిచినా పగడాలు తెల్లబారతాయి. చిన్న ఫ్యాన్లు నీటిని రెండు మూడు డిగ్రీలు చల్లబరచగలవు, అయితే ఆవిరి కావడం ద్వారానే. మూడు లీటర్ల చొప్పున ఆవిరవుతున్న 200 లీటర్ల తొట్టిని వారం రోజులు పట్టించుకోకపోతే లవణీయత 35 నుండి 39కి చేరుతుంది. జూలైలో గాలి తేమతో నిండినప్పుడు ఆవిరి తగ్గి ఫ్యాన్లు పనిచేయడం మానేస్తాయి. అప్పుడు చిల్లరు తప్పదు. నీటిమట్టాన్ని తానే సరిచేసే ఫ్లోటు యంత్రం ఉపయోగకరమే గాని, ఎప్పుడో ఒకసారి ఇరుక్కొనిపోతుంది. దానికి జోడించిన పాత్ర పది లీటర్లకు మించకుండా ఉంటే, మొత్తం ఒలికినా లవణీయత 33 దగ్గర ఆగుతుంది. పెద్ద డ్రమ్ము పెట్టుకోవడం సౌకర్యంగా కనిపించే ప్రమాదం.

కరెంటు పోయినప్పుడు ఇన్వర్టరు మీద దీపాలు అవసరం లేదు. నీటిని కదిలించే ఒక పంపు, బ్యాటరీతో నడిచే గాలి యంత్రం చాలు. వేడి నీటిలో ఆక్సిజన్ తక్కువగా కరుగుతుంది కనుక, వేసవి రాత్రులలో చేపలు ముందుగా పైకి వస్తాయి.

తీసివేసిన నీరు

వారానికి 20 లీటర్లు మారిస్తే 700 గ్రాముల లవణం బయటకు పోతుంది. ఈ నీటిని బాల్కనీలోని మొక్కలకు పోయడం వల్ల తులసి, గులాబీ రెండూ పోతాయి. మరుగుదొడ్డిలో పోసి మురుగు కాలువకు పంపడమే తగిన మార్గం. వాన కాలువలో గాని, హుస్సేన్ సాగర్ నుండి అశోక్‌నగర్ మీదుగా మూసీకి సాగే నాలాలో గాని నేరుగా వదలకూడదు. ఆర్.ఓ. యంత్రం వదిలే వ్యర్థ జలం మాత్రం వేరు. అది కుళాయి నీటి కంటే కొంచెం కఠినమైనదే గాని సముద్రజలం కాదు. శుద్ధ జలం ప్రతి లీటరుకు రెండు మూడు లీటర్ల చొప్పున వచ్చే ఆ నీటిని బకెట్లలో పట్టి నేల తుడవడానికి, మరుగుదొడ్డికి వాడుకోవచ్చు. ట్యాంకరు కోసం ఎదురుచూసే ఏప్రిల్, మే నెలలలో ఈ ఏర్పాటు లేని తొట్టిని పొరుగువారు హర్షించరు.